వెండి చెయ్యి

కోవిల్‌పట్టిలో, పక్షవాతంతో పడిపోయి మళ్ళీ లేచిన ఎడమచేత్తో అత్తగారు అగ్గిపెట్టెల కంపెనీకి కూలికి అగ్గిపుల్లలు చట్రంలో పేరుస్తోంది. కోడలు మొక్కుబడికి వేసే వెండిరేకు చెయ్యొకటి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అత్తా, తప్పు జరిగిపోయింది. మీ చెయ్యి పడిపోయినప్పుడు మీకోసమని మారియమ్మ గుడి ఉండీలో నేను వేసింది చెయ్యి కాదు, కాలు! పక్కింటామె తన మొక్కుకని నాచేత తెప్పించుకున్నది. మీ చెయ్యి ఇదో, నా సంచిలోనే ఉండిపోయింది.”

“ఉండనీ.”

“ఇప్పుడే పోయి వేసేసి వస్తాను.”

“ఎందుకే? రానే రాదని డాక్టరు చెప్పిన చెయ్యి ఇది. పొద్దూ మాపూ తిట్టి తిట్టి లేపినాను.”

“అట్లయితే అమ్మ లేపలేదా?”

“నా నోట్లో కూర్చోని తిట్టింది ఎవరనుకుంటివి?”

“కానీ అత్తా, మనం వేసింది కాలు కదా...”

అత్తగారు గబుక్కున ఎడమచెయ్యి కొంగుచాటున దాచుకుంది.

“మెల్లగా మాట్లాడవే! దానికి వినబడుతుంది.”