ఎర్ర గింజలు, తేట నీళ్లు

మధ్యాహ్నం మూడు కావస్తోంది, ఎండ తగ్గలేదు, గాలి లేదు. ఇలా నీడలోకి జరుగు తల్లీ. ఏమిటి ఇందాకటి నుంచీ వల్లె వేస్తున్నావు? వడకట్టడం, తేర్చడం... ఊఁ. మా పిల్లలకి ఆ పాఠం నిమా మాస్టారు చెప్పేవాడు. బడి గోడకి ఇవతలే మా తందూరు. రొట్టెలు కొడుతూ వినేదాన్ని. "ఉప్పూ ఇసకా కలిస్తే ఏం చేస్తార్రా? నీళ్లు పొయ్యండి. కరిగేది నీళ్లతో పోతుంది, కరగనిది అడుగున కూచుంటుంది." ముక్కుతో మాట్లాడేవాడు, పాపం. పాపం అనకూడదులే, ఈ ఊళ్లో ఇప్పటికీ ఆ పేరెత్తితే ఉమ్ముతారు.

అది వానల్లేని ఏడు. ఇంట్లో పిండి నిండుకుంది. అప్పుడు పైనుంచి, సర్కారు లారీలో, విత్తనం వచ్చింది. ఎప్పుడనుకున్నావు? విత్తడం అయిపోయాక! బస్తాల మీద పరాయి రాత, పుర్రెబొమ్మ. గోధుమలేమో ఎర్రగా దానిమ్మ గింజల్లా ఉన్నాయి. "మందు పట్టించారు, తినకండి" అని లారీవాడు దించేసి పోయాడు. మా ఆయన ఊరుకుంటాడా, "తినక? ముందేసుకుని మురవమంటావా?" అని లారీ వెనక అరిచాడు.

కోళ్లకి వేశాం. చావలేదు. మగవాళ్లంతా కలిసి బడికి పోయారు. "ఏం మాస్టారూ, కడిగితే పోతుందా?" ఆయన గాజు గిన్నెలో పిడికెడు గింజలు వేసి నీళ్లు పోశాడు. ఎర్రబడ్డాయి. వంచేశాడు. మళ్లీ పోశాడు, మళ్లీ వంచాడు. ఆఖరికి నీళ్లు తేట, గింజలు బంగారం. "చూశారుగా, మందు నీళ్లతో పోయింది" అని ముందు తనే నోట్లో వేసుకుని నమిలాడు. పోయింది రంగేనట. మందు గింజలోకే దిగి కూచుందట. ఆ మాట తరవాత చెప్పారు, అందరూ పడిపోయాక.

వారాల తరబడి తిన్నాం. ఏమీ కాలేదు. ఒకరోజు మా చిన్నాడు, హనూన్, "అమ్మా, నేల దూదిలా ఉందే" అన్నాడు. ఆటలనుకుని కసిరాను. ఆ సాయంత్రానికి పెదాలు తిమ్మిరన్నాడు. ఆనక వాళ్ల అక్క వబ్రియా, అన్న చాసిబ్, నాన్న. నేనా? గోధుమ రొట్టె వాళ్లకి పెట్టి నేను బార్లీ తిన్నాను. తల్లిని కదా.

దీవానియా ఆస్పత్రిలో హనూన్ పక్క మంచమే మాస్టారిది. నాలుక మొద్దుబారింది. నన్ను చూసి, "నీళ్లు... తేటగానే వచ్చాయి కదమ్మా?" అన్నాడు. మర్నాడు ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఆయన తల్లి ఒక్కతే కూచుని ఏడ్చింది, ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు. నేనూ తొక్కలేదు. ఎందుకు తొక్కాలి? విత్తనం పంపినవాడి పేరు మాకు తెలీదు. ఈయన పేరు తెలుసు. దొరికినవాణ్నే తిట్టుకున్నాం.

హనూన్ నజఫ్ శ్మశానం మట్టిలోనే ఉండిపోయాడు. మిగిలినవాళ్లని ఇంటికి పంపేశారు. బండి ఆగింది. గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకున్నాను. మా ఆయన, కర్ర ఊతంతో. వబ్రియా, చూపు పోయి గోడ తడుముకుంటూ. కాళ్లు పడిపోయిన చాసిబ్‌ని మోసుకొచ్చారు. వచ్చాడు కదా, వాడూ లెక్కే. బండి వెళ్లిపోయింది. మళ్లీ లెక్కపెట్టాను. మా ఆయన. వబ్రియా. చాసిబ్.