ఒకే మైకు, ఏడు గొంతులు

కిర్గిజ్‌స్తాన్ కొండల్లోని నారిన్‌లో కుబాన్ వంటిల్లు. ఏసు ప్రార్థనకు కూడే ఏడుగురూ అక్కడే పాటలు రికార్డు చేసి వారమైనా, చప్పుడు రాకుండా కిటికీలకు కట్టిన బొంతలు ఇంకా విప్పలేదు.

"నా గొంతొక్కటి తీసెయ్ కుబాన్ అన్నా. ఇంకేం అడగను."

"తీసెయ్యడానికి అదేమన్నా టీలో పడ్డ ఈగా, బురుల్ చెల్లీ? ఉన్నది ఒకటే మైకు. ఏడుగురం చుట్టూ నిలబడి ఒక్కసారే పాడాం."

"నేను వెనకాల ఉన్నానుగా!"

"వెనకాల, గుమ్మం దగ్గర నిలబెట్టింది జోల్దోష్‌ని. వాడు నోరు తెరిస్తే గిన్నెలు అదురుతాయి. నీది సన్న గొంతని నిన్ను మైకు పక్కనే పెట్టాను. నిన్ను తీస్తే పక్కనే నేను మీటిన కొముజ్ వాద్యం మోత కూడా పోతుంది."

"అయితే మొత్తం చెరిపెయ్. నేను లేకుండా మళ్ళీ పాడండి."

"ముందు టీ తాగు, చల్లారిపోతోంది."

"టీ సంగతి తర్వాత! ఎల్లుండి అమ్మ పోయిన నలభయ్యో రోజు. ముల్లాతో సహా ఊరంతా భోజనానికొస్తారు. నేను ఏసు పాటలు పాడానని ఒక్కరి చెవిన పడ్డా గడప తొక్కనివ్వనన్నాడు నాన్న."

"అంటే, అసలు రమ్మన్నాడా?"

"నేను ఏసుని నమ్ముకున్న నాలుగేళ్ళకి రమ్మన్నాడన్నా! క్యాసెట్లో నా గొంతు లేదని చెప్పేశాను."

"అబద్ధం..."

"ఆడాను! మన ఆనవాయితీ ప్రకారం అమ్మ పేరున ఏడు రొట్టెలు నా చేత్తో నూనెలో వేయించాలి. అది కూడా దక్కకపోతే నేనెందుకు బతికి? క్యాసెట్లన్నీ ఇటివ్వు. ముప్పై కదూ చేశావు? ఇరవై తొమ్మిదే ఉన్నాయేం?"

"సరిగ్గా చూడు."

"రెండుసార్లు చూశాను. ఇంకోటేది?"

"ఆ బొంత కాస్త పక్కకి లాగు, ఉక్కపోస్తోంది."

"అన్నా! ఇంకోటేది?"

"ఇచ్చాను."

"ఎవరికి?"

"అరవకు. మీ నాన్నకి."

"నా కొంప ముంచావు కదా! ఆయనకి ఎందుకిచ్చావు?"

"నేను వెళ్ళి ఇవ్వలేదు. నిన్న తనే వచ్చాడు. నువ్వు కూర్చున్న చోటే కూర్చుని మూడుసార్లు విన్నాడు."

"పగలగొట్టాడా?"

"లేదు. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, గొంతులు తీసెయ్యడం కుదురుతుందా అనడిగాడు."

"చూశావా! నా గొంతేగా?"

"కాదు. 'మీ ఆరుగురివీ తీసేసి, మా అమ్మాయి ఒక్కతే పాడుతున్నట్టు చేసివ్వగలవా' అన్నాడు."