ధర పైకి చెప్పనిదే లేవని కాంటా

శ్రీ సీమోను గారు ఇబ్రహీంపట్నం బజారు కచేరీలో దడ్వాయిగా, అనగా రైతులు తెచ్చిన సరుకును తూచే ఉద్యోగిగా, ఫసలీ 1341 ఇస్ఫందార్ నాలుగవ తేదీన, అంటే 1932 జనవరిలో, ప్రవేశించారు. ఈ ఏడాది ఖుర్దాద్ నెలాఖరున, అంటే 1948 వేసవిలో, పదహారేళ్ల పైచిలుకు సేవ అనంతరం, దడ్వాయిగానే విరమించారు. వారి తరువాత చేరినవారు గుమాస్తాలయ్యారు, ఆ గుమాస్తాలు పెద్ద గుమాస్తాలయ్యారు. సీమోను గారు మాత్రం చేరిన మెట్టు మీదనే నిలిచిపోయారు. అది వారి అసమర్థత వల్లనని ఎవరైనా తలపోస్తే, ఆ భ్రమను పోగొట్టడమే ఈ వ్యాసం మొదటి పని.

ఇటువంటి వీడ్కోలు సంచికలలో విరమించినవారిని శాంతమూర్తులనీ, అందరికీ తలలో నాలుకలా మెలిగారనీ రాయడం ఆనవాయితీ. అట్లే రాయమని కచేరీ పెద్దలు సెలవిచ్చారు కూడా. అయితే సీమోను గారు శాంతమూర్తి కారు. వారికి కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వారిని వెనుక నుండి ఎగతాళి చేసినవారు సహోద్యోగులమైన మనమే. ఇవాళ పూలదండ వేసి ఆ మాటను దిగమింగుదామంటే గొంతులో అడ్డం పడుతున్నది.

నిరుపేద కుటుంబంలో పుట్టిన సీమోను గారు మిషను బడిలో అయిదు తరగతులు చదివారు. అక్కడి గోడకు వేలాడే లోకపటంలో దేశాలను రాజుల పేర్లతో గాక సరుకుల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు: మిరియాలు పోయిన దేశం, తేయాకు వచ్చిన దేశం, పత్తి ఒక తీరాన ఎక్కి బట్టగా మరొక తీరాన దిగే దేశం. తండ్రి గతించాక చదువు మాని, కిరాయి బండి కట్టి ఇక్కడి ఆముదాలను పట్నానికి తోలారు. హయత్‌నగర్ మీదుగా గోల్కొండ నుండి బందరు రేవుకు పూర్వం వజ్రాలూ, సన్నని బట్టలూ పోయేవని బండ్లవాళ్లు చెప్పుకునేవారు. పట్నంలో దించిన ఆముదాలు రైలెక్కి బొంబాయికి, అక్కడ ఓడనెక్కి సముద్రాల అవతలికి పోతాయని తెలిసిన నాడు యువకుడైన సీమోను గారు బండి మీద కూర్చుని చాలాసేపు ఆలోచించారట. నూనె అక్కడివారిది, సబ్బు అక్కడివారిది, లాభం అక్కడివారిది. మట్టి మాత్రం ఇక్కడివారిది.

"కత్తితోని గెలిచిన రాజ్యాలకంటె కాంటాతోని గెలిచినయే ఎక్కువ" అని వారు తరచూ అనేవారు. "ధర తెలిసినోడు దొర, తెలువనోడు కూలి. చరిత్ర అంటె గంతే."

ఉద్యోగంలో చేరిన తొలి ఏడు వారు చేసిన పొరపాటును వారు స్వయంగా పదిమందిలో చెప్పుకున్నారు గనుక ఇక్కడ రాయడంలో దోషం లేదు. మన బజారులో బేరం నోటితో జరగదు. కొనే సేఠ్, అమ్మించే దళారి తువ్వాల కింద చేతులు కలుపుతారు. నొక్కిన వేళ్లే ధర. సరుకు తెచ్చిన రైతు ఎదురుగా నిలబడి ఆ తువ్వాలను చూస్తూ ఉంటాడు. తూకం ముగిసి, పైకం చేతిలో పడ్డాకనే ధరెంతో అతనికి తెలుస్తుంది. ధర పైకి చెబితే సరుకుకు దిష్టి తగులుతుందని పెద్దలు చెప్పగా సీమోను గారు నమ్మారు. ఒకనాడు ఆదిభట్ల ఊరి రైతు మల్లారెడ్డి గారి ఆముదాల బేరం నడుస్తుండగా గాలికి తువ్వాల పైకి లేచింది. దాని కొంగును కిందికి లాగి, బేరం ముగిసేదాకా పట్టుకుని నిలుచున్నది సీమోను గారే. ఆ సాయంకాలం పాత బండ్ల స్నేహితుడు, మల్లారెడ్డి గారికి ముట్టినదానికంటే ఎంతో ఎక్కువైన పట్నం ధర చెప్పినప్పుడు, తాను ఏమి కప్పిపెట్టారో వారికి అర్థమైంది. మరుసటి అంగడికి మల్లారెడ్డి గారి కోసం చూశారు. ఆయన రాలేదు. జ్వరంతో పోయారని కబురు వచ్చింది.

మల్లారెడ్డి గారి భార్య మాణిక్యమ్మ గారు ఆ తరువాత సేద్యం తన చేతికి తీసుకున్నారు. ఫసలీ 1353 ఇస్ఫందార్‌లో, అంటే 1944 జనవరిలో, యుద్ధం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో, మూడు బస్తాల ఆముదాలతో ఆమె, బజారులోని మూడు కాంటాల్లో సీమోను గారు తూచే మొదటి కాంటా ముందు నిలిచారు. విమానాల యంత్రాలకు సైతం ఆముదపు నూనె కావాలని చెప్పుకుంటున్న కాలం అది. పట్నంలో పల్లా, అంటే నూట ఇరవై శేర్లు, ఇరవై ఎనిమిది సర్కారు హాలీ రూపాయలు పలుకుతున్నది. ఆముదాలు కొనేవారిలో పెద్దవారైన శ్రీపాల్ సేఠ్ తువ్వాల పరిచారు. దళారి చేయి దాని కిందికి పోయింది.

"అన్నా, నా ఆముదాలకు ఎంత కట్టిన్రు?" అని మాణిక్యమ్మ గారు అడిగారు.

"నీకెందుకమ్మా ఫికర్. పైసలు చేతికొచ్చినంక తెలుస్తది గద" అన్నాడు ఆమె పక్షాన బేరం చేయవలసిన దళారి.

"సీమోనూ, కాంటా లేపు" అన్నారు సేఠ్.

"ధర పైకి చెప్పున్రి. లేపుత."

"నీ పని తూసుడు. ధరతోని నీకేం పని?"

"అవ్, నా పని తూసుడే. ఏం ధరకు తూస్తున్ననో ఆమెకు తెలువాలె."

సేఠ్ తువ్వాల తీయకుండా దళారి చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అప్పుడు సీమోను గారు, ఎదుటి చిప్పలో తూకపు రాళ్లు ఉండగానే, మోకాలెత్తున వేలాడుతున్న ఖాళీ చిప్పలోకి ఎక్కి బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. వారు బక్కపలుచని మనిషి. ఆ బరువుకు చిప్ప జానెడైనా దిగలేదు. తూచేవాడే తూకానికి రాలేదని బజారంతా పగలబడి నవ్వింది. మాణిక్యమ్మ గారికీ నవ్వు ఆగలేదు. సీమోను గారు మాత్రం గాలిలో ఊగుతూనే, ఒక చేత్తో తలపాగా సర్దుకుంటూ, "నవ్వున్రి, నవ్వున్రి. నేను దిగ" అన్నారు. గంటసేపు దిగలేదు. దిగేటప్పుడు తిమ్మిరెక్కిన కాళ్లు నిలవక ఆముదాల బస్తా మీద పడ్డారు.

ఆ తరువాత జరిగినదానికి ఎవరూ నవ్వలేదు. సేఠ్‌లందరూ ఒక్కటై మాణిక్యమ్మ గారి సరుకు ముట్టలేదు. మూడు వారాలు ఆ బస్తాలు కచేరీ చూరు కింద పడి ఉన్నాయి. సర్కారు రాబడికి నష్టం కలిగించారన్న నేరం మోపి సీమోను గారిని మూడు నెలలు పని నుండి తొలగించారు. వారి సతీమణి సుసన్న గారు ఆముదపు కాయలు కొట్టే కూలికి పోయి ఇల్లు నడిపారు. "పనికి పోవుడు నాకు నామోషీ కాదు. నువ్వు పోయి మాఫీ అడుగుతె గది నామోషీ" అని ఆమె భర్తతో అన్నారట. బేరాన్ని బాహాటంగా హరాజు పాట, అంటే వేలం, ద్వారా జరపాలన్న సర్కారు ఉత్తర్వు కాగితం మన కచేరీ బీరువాలోనే ఉంది. ఆ బీరువా తాళం మన దగ్గరే ఉంది. మనలో ఒక్కరమూ దాన్ని బయటికి తీయలేదు. కంచే చేను మేయడమంటే వేరే ఉంటుందా?

నాలుగవ వారం పట్నం నుండి సరుకు అవసరమైన ఒక వర్తకుడు వచ్చి, పల్లా ఇరవై ఏడని నలుగురిలో పైకి చెప్పి మాణిక్యమ్మ గారి ఆముదాలు కొన్నాడు. ఆకాశం విరిగి పడలేదు, సరుకుకు దిష్టీ తగలలేదు. ఆ కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. సీమోను గారు తిరిగి పనిలో చేరిన నాటి నుండి మొదటి కాంటా వద్ద ఎవరూ తువ్వాల పరచలేదు. తక్కిన రెండు కాంటాల వద్ద యథాప్రకారం పరుస్తూనే ఉన్నారు. రైతులు ఎండలో బారులు తీరి మొదటి కాంటా కోసమే కాచుకున్నారు. ప్రతిఫలంగా సీమోను గారి జీతం పద్దెనిమిది రూపాయల దగ్గరే ఆగిపోయింది.

వర్తకం లేనిదే నాగరికత లేదనీ, దేశాలకు ఐశ్వర్యం అదే తెచ్చిందనీ పెద్దలు ఉపన్యసిస్తారు. నిజమే. ఉప్పు కోసం బాటలు పడ్డాయి, మిరియాల కోసం సముద్రాలు దాటారు, రేవుల మీద సుంకాలతో రాజ్యాలు బొక్కసాలు నింపుకున్నాయి. మన సర్కారు ఖజానాలోనూ ఆముదాల సుంకం ఉంది. అయితే ఆ ఓడలనూ కోటలనూ మోసిన మనిషికి తన బస్తా ధర తెలుసుకునే పాటి హక్కు లేకపోతే, దాన్ని వర్తకం అనడం దేనికి? దోపిడికి కూడా కనీసం దొంగ ముఖం కనిపిస్తుంది. ఇక్కడ తువ్వాల తప్ప ఏమీ కనిపించదు.

ఇక వీడ్కోలు సభ నాటి సంగతి. బజారు ఆవరణలో జంపఖానా పరిచి సభ చేశాం. వర్తకుల పక్షాన శ్రీపాల్ సేఠ్ శాలువా కప్పారు. కప్పి వెంటనే వెనుకకు జరగలేదు. ముందుకు వేలాడుతున్న శాలువా చెరగుల చాటున వారి చేయి సీమోను గారి చేతిని పట్టుకున్నది. బజారులో పనిచేసే మనకు అదేమిటో తెలియనిది కాదు. ఎప్పటిలాగే తలలు పక్కకు తిప్పుకున్నాం.

సీమోను గారు శాలువా చెరగును మెల్లగా పైకెత్తారు. లోపల సేఠ్ చేయి, ఆ చేతి పట్టులో సీమోను గారి నాలుగు వేళ్లు అందరికీ కనిపించాయి.

"ఎంతనో పైకి చెప్పున్రి సేఠ్. దేనికో గూడ చెప్పున్రి."

"ఏం లేదు" అని సేఠ్ నవ్వబోయారు. "మా దుకాణంల మునీంగ, లెక్కలు రాసెటందుకు, పెట్టుకుందామని."

వెనుక వరుసలో ఆదిభట్ల నుండి వచ్చి కూర్చున్న మాణిక్యమ్మ గారు లేచారు. "నెలకెంతనో చెప్పున్రి. మేం గూడ వింటం."

సేఠ్ చేయి వెనక్కి తీసుకుని "నలభై" అన్నారు.

"పదహారేండ్లల నాకు గింత ధర ఎవ్వలు కట్టలే" అన్నారు సీమోను గారు. "అంగడంగడికి కాంటా కాడికి రాకుంట నన్ను దుకాణంల కూసోబెడితె మొదటి కాంటా కాడ మళ్ల తువ్వాల పరువొచ్చని గద. నేను రాను. శాలువా మాత్రం ఉంచుకుంట సేఠ్. గీ బజార్ల ఒక బట్టన్న తక్కువైతది."

మొదటి కాంటాకు ఇప్పుడు శ్రీ అమరేందర్ గారు వచ్చారు. వచ్చే అంగడి నాడు ఆ కాంటా ముందు తువ్వాల పరుస్తారా లేదా అన్నది ఆయన ఒక్కరి మీద వదిలేస్తే, సీమోను గారిని వదిలేసిన తప్పే మళ్లీ చేసినవాళ్లం అవుతాం. బీరువా తాళం ఇంకా మన దగ్గరే ఉంది.

సీమోను గారు సుసన్న గారితో కలిసి చల్లగా ఉండాలి. తిమ్మిరెక్కని కాళ్లతో, గట్టి గొంతుతో, తరగని కోపంతో నిండు నూరేళ్లు జీవించాలి. ఇకపైన కూడా ప్రతి అంగడికీ వచ్చి కాంటా పక్కన కూర్చుంటానని వారు చెప్పి వెళ్లారు. వచ్చే గురువారం అంగడిలో వారు నోరు తెరవకముందే మనలో ఒక్కరమైనా లేచి "ధర పైకి చెప్పున్రి" అనగలిగితే, అదే మనం వారికి పలికే దీర్ఘాయురస్తు.