కూర్మయ్య తిథి

ఊరి చివర నేలనూతి వైపు పొద్దువాలాక ఎవరూ పోరు. ఎందుకని అడిగితే అక్కడ కూర్మయ్య దెయ్యం ఉందంటారు, అంతకుమించి చెప్పమంటే నీళ్లు నములుతారు. నేను చెప్తాను, ఆ గోల ఆపి ఇలా దగ్గరికి జరగండి.

కూర్మయ్య ఆ పెద్ద యుద్ధంలో సిపాయిగా మలయా వెళ్లాడు. వెళ్లేనాటికి పెళ్లాం పైడమ్మ కడుపుతో ఉంది, అప్పుడు పుట్టిన పిల్లే మన ఆదెమ్మ. నాలుగేళ్లు ఉత్తరం ముక్క లేదు, ఆ తర్వాత మనిషి జాడ తెలియలేదని టెలిగ్రాం వచ్చింది. జాడ తెలియకపోవడం వేరు, చావడం వేరు, కానీ మన పెద్దలు ఆగుతారా? శవం లేదు కదా, అందుకని గడ్డితో మనిషి బొమ్మ చేసి, దానికి కూర్మయ్య అని పేరు పెట్టి కాల్చేసి, దినాలు చేసేసి, పైడమ్మ బొట్టు చెరిపేశారు. ఇదంతా దసరా వెళ్లాక. మరి నెల తిరక్కముందే, నాగులచవితి వెళ్లిన వారానికి, మునిమాపువేళ నూతి దగ్గర గడ్డం మాసిన ఆకారం ఒకటి నిలబడి, నేను కూర్మయ్యనే, దాహంగా ఉంది అందిట. కర్మ అయిపోయినవాడు ఊళ్లో అడుగుపెడితే ఊరు వల్లకాడేనని మనవాళ్ల నమ్మకం, ఇంటికొకరు రాయి పట్టుకుని పరిగెత్తారు. నూతిలో ధబ్బుమని చప్పుడైందిట. తెల్లారినా ఎవరూ లోపలికి తొంగిచూడలేదు, దెయ్యాన్ని తరిమేశామనుకున్నారు.

ఆదెమ్మ పెద్దదై, బొమ్మ కాల్చిన తిథినే ఏటా తండ్రికి తద్దినం పెట్టించేది. ఏటా కాకి పిండం ముట్టేది కాదు. కాకి కోసం ఆదెమ్మ మెడ పట్టేసేలా పైకి చూస్తూ కూర్చునేది పాపం. తిథి తప్పేమో, నాన్న ఆకలితో తిరుగుతున్నాడేమో అని ఒకటే బెంగ, అన్నం సయించదు, కంటిమీద కునుకు రాదు. యాభై దాటాక ఇక ఉండబట్టలేక, తండ్రి సిపాయి నంబరున్న పాత కార్డు కొంగున ముడేసుకుని, పట్నంలో సిపాయిల కాయితాలు దాచే ఆఫీసుకి వెళ్లింది. మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి ఒక గుమాస్తా పాత కట్ట విప్పి, వేలితో వరసలు చూసుకుంటూ పోయాడు. చచ్చిన తేదీ ఒక్కటి చెప్తే చాలు బాబూ అంది ఈవిడ.

"చచ్చిన తేదీ లేదమ్మా. జపాను వాళ్ల చెర విడిపించి, యుద్ధం ముగిసిన ఏడే నవంబరు పన్నెండున రైలెక్కించి ఇంటికి పంపినట్టుంది," అన్నాడు.

తిరిగొచ్చి పంతులుగారి చేత ఆ ఏటి పంచాంగం తీయించింది. అది నాగులచవితి వెళ్లిన నాలుగో రోజు. ఆదెమ్మ పంతులుగారి అరుగు మీదే లెక్కేసుకుంది. రైలెక్కిన మూడు రోజులకి నూతి దగ్గర దాహమన్నది ఊపిరున్న మనిషి, కన్నతండ్రి. ఆ దుఃఖం ఎవరికి చెప్పుకుంటుంది, చెప్పండి?

ఆ రోజు పొద్దువాలాక ఎవరికీ చెప్పకుండా చెంబుతో నీళ్లు పట్టుకుని నూతి దగ్గరికి ఒక్కతే వెళ్లింది. గట్టు చేరేసరికి లోపల్నించి గొంతు అడిగిందిట.

"ఎవరి తాలూకమ్మా?"

"నీ తాలూకే నాన్నా," అని నీళ్లు వదిలిందిట. నాతో చెప్తూ ఎంత ఏడ్చిందో.

మరి దెయ్యం పోయిందా అంటారా? ఏమో, నేనెళ్లి చూడలేదు. ఆదెమ్మకైతే చెప్పుకోడానికి జవాబుంది. మీరు వెళ్లినా అదే అడుగుతాడు, ఎవరి తాలూకని. ఆనాడు రాయి విసరని ఇల్లు ఈ ఊళ్లో ఒక్కటీ లేదు, మా నాన్నా విసిరాడు. అందుకే అటు పోకండి.