గరుకు బండ

“చదువుకున్న కోడలొస్తే ఇల్లు మెరుస్తాదనుకుంటి. ఇదేమో స్నానాలగదిని బర్రెల కొట్టం చేసిపెట్టె! మట్టిరంగు గోడలు, వెదురు బుట్టలు, కుండల్లో చెట్లు. కడపబండ గూడా తిరగేసి, గరుకు పక్క పైకి పరిపించింది.”

“కొట్టంలో బర్రె ఎప్పుడన్నా జారిపడిందా, అత్తా?”

పాత తెల్లటి టైల్సు మీద జారి తుంటి విరిగాక, ఆర్నెల్లుగా అత్తకు కోడలే స్నానం చేయిస్తోంది. ఈ రోజు అత్త ఒక్కతే లోపలికి వెళ్లి తలుపేసుకుంది. చెంబు చప్పుడు వింటూ కోడలు బయట నిలబడింది.

“నేను రావల్లా, అత్తా?”

“వద్దులే. కాలు నిలబడ్తాండాది. నా నీళ్లు నేనే పోసుకుంటాండా. నీ కడుపు సల్లగుండ!”

“ఇంకేమన్నా వంకుంటే చెప్పు, మార్పిస్తా.”

చెంబు చప్పుడు ఆగింది.

“ఆ మెరిసే టైల్సే కావాలని మొండికేసింది నేను. తప్పు నాదే, తల్లీ.”