వాన చప్పుడు కోసం వీధి వీధంతా జనరేటర్లు ఆపించిన చలపతిరావు గారు

1998వ సంవత్సరం జూన్ మాసం పదకొండవ తేదీ గురువారం ఉదయం, శ్రీ పెదపాటి చలపతిరావు గారు ఫిల్మ్‌నగర్‌లోని మన చిరుమువ్వ ప్రచురణల కార్యాలయంలో ధ్వని విభాగ బాధ్యులుగా ప్రవేశించారు. ప్రవేశించారని గౌరవంగా రాశాను గాని, నిజానికి ఆయనకంటే ముందు ఆయన సామాను ప్రవేశించింది. రెండు కొబ్బరి చిప్పలు, ఒక చేట, చిరిగిన గొడుగు, కూర్చుంటే కిర్రుమనే పాత కుర్చీ ఆటోలోంచి ఒక్కొక్కటే దిగుతుంటే, ఎవరో కొత్త కాపురం పెట్టబోతున్నారనుకుని మన వాచ్‌మన్ హనుమంతు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇది ఆఫీసు సారు, కిరాయికి ఇయ్యరు" అన్నాడు. "నేనూ ఆఫీసుకే వచ్చానయ్యా, ఇవన్నీ నా ఫైళ్లు" అన్నారు చలపతిరావు గారు. పదేళ్ల సాహచర్యం అలా మొదలైంది.

తెనాలి ప్రాంతంలో జన్మించి, ఇరవై రెండేళ్ల వయసులో మద్రాసు చేరి, చిత్రపరిశ్రమతోపాటే హైదరాబాదుకు తరలివచ్చిన చలపతిరావు గారు అంతకు పూర్వం పాతికేళ్లకు పైగా సినిమాలకు ఎఫెక్ట్స్ అందించిన కళాకారులు. ఈ సంచిక చదివే కొత్తతరం సహోద్యోగులకు ఆ పని ఏమిటో తెలియకపోవచ్చు. తెరమీద కథానాయకుడు నడిచే నడక, గుర్రం పరుగు, కురిసే వాన, ఇవేవీ షూటింగులో పట్టిన శబ్దాలు కావు. చీకటి థియేటరులో తెర చూస్తూ, దొరికిన వస్తువులతో ఆ చప్పుళ్లను పుట్టించేవారు ఒకరుంటారు. కంప్యూటర్లు వచ్చి చప్పుళ్లన్నీ సీడీల్లో తయారుగా దొరకడం మొదలయ్యాక ఆయనను పిలిచేవారు తగ్గిపోయారు. "నా వాన ఇప్పుడు అంగట్లో అమ్ముతున్నారండీ" అని ఆయన నవ్వేవారే గాని ఎవరినీ ఆడిపోసుకోలేదు. ఆ రోజుల్లోనే మన సంస్థ అధిపతి శ్రీ రవిచంద్ర గారు కబురు చేసి, పసిపిల్లల బొమ్మల పుస్తకాలతోపాటు ఇచ్చే క్యాసెట్ల పని ఆయనకు అప్పగించారు.

సినిమావారి అలవాటొకటి ఆయన వెంట మన కార్యాలయానికి వచ్చింది. విడుదలకు ముందు ప్రివ్యూ వేసినప్పుడు అనుభవజ్ఞులు తెరను చూడరు, తెరకు వీపు పెట్టి జనం మొహాలు చూస్తారు. చలపతిరావు గారు ఆ ఆచారాన్ని బొమ్మల పుస్తకాలకు పట్టించారు. అచ్చుకు వెళ్లే ప్రతి పుస్తకాన్నీ వీధి దిగువన ఉన్న బాల్వాడీకి తీసుకుపోయేవారు. ఒకరు పేజీలు తిప్పుతుంటే, ఆయన ఒక చిన్న కుర్చీలో పిల్లలకెదురుగా కూర్చునేవారు. ఏ పేజీ దగ్గర పిల్లలు ఆవులిస్తే ఆ పేజీకి నూకలు చెల్లినట్టే. సబ్‌ఎడిటర్‌నైన నేను కన్నబిడ్డల్లా చూసుకున్న వాక్యాలు ఎన్ని ఆ కుర్చీ ముందు రాలిపోయాయో లెక్కలేదు. వాక్యానికొక వారం చొప్పున నేను ఆయనతో మాట్లాడేదాన్ని కాదు. ఆ వారమంతా ఆయన నా బల్లమీద వేరుశెనగ పప్పు పొట్లం పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేవారు.

ఇక 2002వ సంవత్సరం సంగతి సవిస్తరంగా చెప్పాలి. అప్పటికి మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేచాయి. మన కింది అంతస్తులో కూడా విదేశాల కంప్యూటర్ పాఠాలకు బొమ్మలు గీసే విభాగం వెలిసింది. అక్కడ ఏసీలు, పైన మన తెలుగు విభాగంలో ఫ్యాన్లు. అక్కడ లాభాలు, ఇక్కడ మూడేళ్లుగా నష్టాలు. పంచేంద్రియాలను పసివారికి పరిచయం చేసే మాలలో స్పర్శ, వాసన, రుచి, చూపు అనే నాలుగు పుస్తకాలు వెలువడ్డాయి. మిగిలింది వినికిడి. మీట నొక్కితే బొమ్మకు తగిన చప్పుడు వినిపించే పుస్తకం, మనకు అదే మొదటిది. రవిచంద్ర గారు మా అందరినీ కూర్చోబెట్టి, "బడులు తెరిచేలోగా ఈ పుస్తకం దుకాణాల్లో ఉండాలండీ. లేకపోతే పై అంతస్తు మూసేయడం తప్ప నాకు వేరే దారి లేదు" అని స్పష్టంగా చెప్పారు. ఆయనను తప్పుపట్టలేం. కాని మాలో సగం మందికి కంప్యూటరు ముట్టుకోవడం కూడా రాదు. ఆ పుస్తకమే మా అన్నం గిన్నె.

చలపతిరావు గారు తన విద్యనంతా ధారపోశారు. చేటలో బియ్యం ఒలకబోసి వాన కురిపించారు. కొబ్బరి చిప్పలతో గుర్రాన్ని దౌడు తీయించారు. గరగరలాడే కాగితం నలిపి మంట రాజేశారు. మేమంతా కళ్లు మూసుకుని విని, "అబ్బ, వానే" అనుకున్నాం. అనుకోమా మరి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సినిమా హాళ్లలో మేం విన్న వాన అదే కదా. ఈ టేపు మీటలు తయారుచేసే విదేశీ కంపెనీకి వెళ్లి వాటిల్లోకి ఎక్కితే ఇక మార్చడం ఎవరితరమూ కాదు. పంపే ముందు ఆనవాయితీగా బాల్వాడీలో ప్రివ్యూ వేశాం.

నేను వాన బొమ్మ ఉన్న పేజీ తెరిచాను. ఆయన టేపు నొక్కారు. ముందు వరుసలో చిన్ని అనే పాప, మూడున్నరేళ్లు ఉంటాయేమో, వెంటనే "బియ్యం" అంది.

"బొమ్మ చూడు తల్లీ, ఏం పడుతోంది?" అన్నారు ఆయన.

"వాన."

"మరి ఈ చప్పుడు?"

"బియ్యం. చేట్ల బియ్యం."

పిల్లలంతా బియ్యం బియ్యం అని అందుకున్నారు. అక్కడి ఆయా ఎల్లమ్మకు మా పరువు పోతోందని కంగారు పుట్టింది. "సారు వాన అంటుండు గద బిడ్డా. వాన అను" అంది. చిన్ని ఆవిడ మొహం చూసింది, చలపతిరావు గారి మొహం చూసింది, బొమ్మ చూసింది. తలదించుకుని, సన్నగా, "వాన" అంది.

చలపతిరావు గారు టేపు ఆపేశారు. నేరుగా ఆఫీసుకు దారితీశారు. వచ్చాక రవిచంద్ర గారి గదిలో నిలబడి ఈ టేపు పంపవద్దన్నారు.

"కోట్లమంది నమ్మిన వాన కదండీ, మీకిప్పుడేం వచ్చింది?" అన్నారు రవిచంద్ర గారు.

"సినిమాకి జనం మోసపోదామనే డబ్బిచ్చి వస్తారండీ. ఈ పిల్లలు అలా రాలేదు. ఆ పాప సరిగ్గానే వింది. ఆఖరికి తన చెవి తప్పని ఒప్పుకుంది. చెవుల గురించి పుస్తకం వేస్తూ ఆ పని మనం చేయకూడదు."

రవిచంద్ర గారు గోడమీది క్యాలెండరు చూశారు. "మే రెండో వారం దాటితే మాత్రం నా చేతుల్లో ఉండదు" అన్నారు. అప్పటికి ఏప్రిల్ ముగింపుకొచ్చింది.

గుర్రం తేలిగ్గా దొరికింది. ఎర్రగడ్డ దగ్గర పెళ్లి ఊరేగింపులకు గుర్రాలిచ్చేవారిని ఆయనే వెతికిపట్టారు. మంట మధురానగర్‌లోని ఆయన ఇంటి పెరట్లో రాజుకుంది. ఆయన శ్రీమతి జగదాంబ గారు కట్టెలపొయ్యి వెలిగించి, కళ్లు మండుతున్నా కదలక, దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుని సహకరించారు. ఆ తల్లికి ఈ సంచిక ద్వారా మా నమస్కారాలు. చిక్కంతా వానతోనే వచ్చింది. హైదరాబాదు ఎండాకాలంలో వానను ఎక్కణ్నుంచి తెస్తాం? ఏ సాయంత్రమో ఓ గాలివాన వస్తే రావాలి. వచ్చినా మరో పేచీ ఉంది. మన జూబ్లీ హిల్స్ ప్రాంతంలో చినుకు పడితే కరెంటు పోతుంది, కరెంటు పోతే ఇంటింటా జనరేటరు మొదలవుతుంది. ఆ రొదలో వాన ఏం వినిపిస్తుంది, నా తలకాయ.

అప్పుడాయన చేసిన పని తలచుకుంటే నాకిప్పటికీ నవ్వూ వస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో, గొడుగు పట్టుకుని, వీధిలోని ప్రతి బంగళా గేటు దగ్గరా ఆగి, వాన వస్తే ఒక్క పావుగంట జనరేటరు వేయవద్దని అర్థించారు. "ఫికర్ చెయ్యకండి సారు, డీజిల్ అయిపోయిందని చెప్తం" అని డ్రైవర్లు, వాచ్‌మన్లు అభయమిచ్చారు. మూల ఇంటి శకుంతలమ్మ గారైతే, "నాకు ఫ్యాను లేకపోయినా పర్వాలేదండీ. మా ఆయనకి క్రికెట్టు ఆగితే ఇల్లు పీకి పందిరేస్తారు. ఆయన్ని కూడా మీ మేడమీదికి తీసుకుపోండి" అన్నారు. ఆ రోజు నుంచి వీధి మొత్తం ఆకాశంకేసి చూడసాగింది.

గడువు ముంచుకొచ్చిన ఒకనాటి సాయంత్రం మబ్బు పట్టింది. మేడమీద రేకుల కింద మైకు పెట్టుకుని చలపతిరావు గారు సిద్ధమయ్యారు. హనుమంతు ఈల వేసుకుంటూ వీధి చివరిదాకా పరుగెత్తి అందరినీ హెచ్చరించాడు. గాలి లేచింది, చినుకు పడింది, కరెంటు పోయింది. వీధిలో ఒక్క బంగళా కూడా మాట తప్పలేదు. ఇంతలో మా కాళ్ల కిందే జనరేటరు దడదడమని మొదలైంది. ఊరందరినీ అడిగిన మేము మన కింది అంతస్తును అడగడం మరిచిపోయాం.

నేను మెట్లమీంచి దూకినట్టే దిగాను. కింద కుర్రాళ్లు ఆ రాత్రికి విదేశానికి పంపాల్సిన పనిలో తలమునకలై ఉన్నారు. కంప్యూటర్లు ఆరిపోతే ఆ పూట గీసినదంతా పోతుందని మొత్తుకున్నారు. పాపం, వాళ్ల బాధ వాళ్లది. వాళ్ల వెనకనే రవిచంద్ర గారు నిలబడి ఉన్నారు.  ఆయన పైకప్పుకేసి ఓసారి చూసి, "ఆపెయ్యండి" అన్నారు. ఒక్కసారిగా గది చీకటైంది. వాన లోపలికి వచ్చినంత దగ్గరగా వినిపించింది. ఆ కుర్రాళ్లు కూడా కుర్చీలు వెనక్కి జరుపుకుని విన్నారు. పైనుంచి చలపతిరావు గారు జల్లుకు తడిసి ముద్దై దిగివచ్చి, రవిచంద్ర గారి రెండు చేతులూ పట్టుకున్నారు. 

మర్నాడు ఎర్రటి ఎండలో మళ్లీ బాల్వాడీకి వెళ్లాం. ఈసారి పిల్లలకు ఏ సాయమూ చేయకూడదని, పెద్దలెవరూ నోరు మెదపకూడదని ఆయన షరతు పెట్టారు. టేపు నొక్కారు. చిన్ని తల వంచి వింటోంది. ఇంతలో వెనక గదిలో పప్పు రుబ్బుతున్న ఎల్లమ్మ పిండి చేతులతో మా మధ్యలోంచి దూసుకుపోయి, పెరట్లో తీగమీది బట్టలన్నీ లాగి గుండెలకు హత్తుకుంది. హత్తుకున్నాక తలెత్తి ఆకాశం చూసింది. "ఏంది సారు గిట్ల చేస్తిరి" అని ఎండలో నిలబడి నవ్వింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చలపతిరావు గారు జేబురుమాలుతో చాలాసేపు మొహం తుడుచుకున్నారు. అది చెమటేనని ఆయన ఇప్పటికీ వాదిస్తారు.

పుస్తకం సమయానికి వచ్చింది, పై అంతస్తు నిలిచింది. తదనంతర కాలంలో చూపులేని చిన్నారుల కోసం ఆయన రూపొందించిన ధ్వని పుస్తకాలు, కంప్యూటర్ ఆటలకు చప్పుళ్లు చేయమని రెట్టింపు జీతంతో పిలిచిన కంపెనీకి ఆయన సున్నితంగా చెప్పిన కాదు అనే మాట, కింది అంతస్తు కుర్రాళ్లకు ఓపికగా నేర్పిన విద్య, ఇవన్నీ మన సంస్థ చరిత్రలో భాగాలు. నా కూతురి చదువు, ఇంకా పదిమంది ఇళ్లలో ఉడికిన అన్నం, ఆ ఒక్క వానతో ముడిపడి ఉన్నాయని కృతజ్ఞతతో చెప్పుకుంటున్నాను.

చలపతిరావు గారూ, ఈ 2008వ సంవత్సరం ఏప్రిల్ ముప్పయ్యో తేదీన మీరు పదవీ విరమణ చేస్తున్నారు. జగదాంబ గారితో కలిసి, కంటినిండా నిద్ర, ఒంటినిండా ఆరోగ్యం, ఇల్లంతా సందడితో మీరు నూరేళ్లూ హాయిగా ఉండాలని మా అందరి కోరిక. వచ్చే సోమవారం బాల్వాడీలో కొత్త పుస్తకం ప్రివ్యూ ఉంది. పిల్లలకెదురుగా మీరు కూర్చునే చోట నన్ను కూర్చోమన్నారు. నాకు భయంగానే ఉంది. అయినా మీకు మాట ఇస్తున్నాను. మా మెప్పు కోసం ఏ బిడ్డకూ తాను విననిది విన్నానని చెప్పే అవసరం రానివ్వను.

మంజులత
సబ్‌ఎడిటర్, తెలుగు విభాగం