కాకత్త గొంతు

హలో… ఆఁ, నేనేనమ్మా… ఏమైంది, ఎందుకలా రొప్పుతున్నావ్?

టీవీలో నీ గొంతా? …పక్కింటి పిల్లలు నిన్ను చూసి "కాకత్తా" అని అరిచారా? …చచ్చాను.

అమ్మా, ముందు నా మాట… వినవే… సరే, నువ్వే కానీ…

…అవును. నా కార్టూన్‌లో కాకత్తది నీ గొంతే. పొరపాటమ్మా! నీ మీద ఒట్టు!

ఎలాగంటే… మాకు ముందు మాట, తర్వాతే బొమ్మ. మాట వింటూ దానికి తగ్గట్టు నోరు గీస్తాం. కాకత్తకి గొంతిచ్చే ఆవిడ ఆ వారం రాలేదు. ఆర్టిస్టులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే నువ్వు ఫోన్ చేసి దులిపేశావ్… "నలభై ఐదేళ్ళొచ్చాయి, ఇంకా కాకుల బొమ్మలేనా" అని. నా ఫోన్‌లో అన్నీ వాటంతటవే రికార్డవుతాయి కదా… అదే పెట్టి నోరు గీయించా. తర్వాత మార్చాలనుకుని… మర్చిపోయా. చానెల్‌కి అలాగే వెళ్ళిపోయింది.

…పరువా? నీ పేరెక్కడా వెయ్యలేదే! …వెయ్యలేదనా కోపం?!

అసలు సంగతి విను. ఈ కార్టూన్ ఆపేద్దామనుకున్నారు. ఇందాక చానెల్ మేడమ్ ఫోన్ చేసింది… పిల్లలు కాకత్త కావాలని ఒకటే గోలట. అదే గొంతుంటే ఇంకో ఏడాది, లేదంటే ఇంతటితో సరి అంది. నేనూ, నా పన్నెండుమంది ఆర్టిస్టులూ ఇప్పుడు నీ నోట్లో ఉన్నాం.

…నటించడం రాదా? నటించమన్నదెవరు? తిట్టు, చాలు. ఇదుగో, రికార్డవుతోంది… కానీ!

…అమ్మా? …హలో? …నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ ఆగని నోరు ఇప్పుడే మూతపడాలా!

…ఏంటి? కాకత్త ముక్కా? …మరీ పొడుగ్గా ఉందా? …ఎగిరేటప్పుడు ఎడమ రెక్క వంకర పోయిందా?

అంటే… చూశావా? …రెండుసార్లా!

…ఇరవై రెండేళ్ళుగా గీస్తున్నా, నా బొమ్మ ఒక్కటీ చూడలేదు కదమ్మా నువ్వు…

…ఏడవట్లేదు. జలుబు. …ఆ, ఆవిరి పడతాలే.

…రేపా? పదింటికి స్టూడియోకా? …ఆ ముక్కు గీసినవాణ్ణి కడిగెయ్యడానికా? …గీసింది నేనేనమ్మా. …సరే, నన్నే. తప్పకుండా రా.

హలో? …పెట్టేసింది.

ఏమోయ్ సౌండాయనా! రేపు మా అమ్మొస్తోంది. మైకు కాస్త దూరంగా పెట్టు.